మానిటర్ మిణుకుమంటోందా? ముందు వాట్ల లెక్క రాయండి

నెల 20వ తారీఖు, రాత్రి ఎనిమిదిన్నర. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వాళ్ళ జీఎస్టీ 3బీ రిటర్ను ఫైల్ చేస్తున్నాను. కంపెనీ కాబట్టి డీఎస్‌సీ, అంటే డిజిటల్ సంతకం, తప్పదు. ఆ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ తీసి హబ్‌లో, అంటే ఒక పోర్టుని నాలుగు చేసే డబ్బాలో, గుచ్చాను. మూడో మానిటర్ టప్పున ఆరిపోయింది. టోకెన్ పీకితే వెలిగింది. మళ్ళీ గుచ్చితే మళ్ళీ ఆరింది. చిటికెన వేలంత టోకెన్ పదహారు అంగుళాల మానిటర్‌ని ఎలా ఆర్పేస్తుందో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు. మానిటర్ వైరు పీకేసి, ఒక్క లాప్‌టాప్ తెర మీదే ఫైలింగ్ ముగించాను. ఆ తర్వాత రెండు నెలలు దీని వెనక పడి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది పాలకొల్లు. వీధిగదిలో టేబుల్ వేసుకుని అకౌంట్లు రాస్తాను. రైస్ మిల్లు, రొయ్యల మేత డీలర్లు, నరసాపురంలో లేసు వ్యాపారం, ఒక హార్డ్‌వేర్ షాపు, ఇలా. మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీకీ జీఎస్టీ పోర్టల్‌కీ వాట్సాప్‌లో వచ్చిన బిల్లుల ఫొటోలకీ మధ్య కిటికీలు మార్చుకుంటూ తిప్పలు పడటం చూశాడు. "అక్కా, ఒక్కోటి ఒక్కో తెర మీద పెట్టుకుంటే నీకీ మెడనొప్పే ఉండదు" అని తను వాడి పక్కన పెట్టేసిన మూడు మానిటర్లు పంపించాడు. రెండు పలచటి పోర్టబుల్ మానిటర్లు, వాటికి టైప్-సి, మినీ హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయి. మూడోది పాతకాలంది, బొమ్మా కరెంటూ రెండూ ఒకే యూఎస్‌బీ వైరు మీద వచ్చే రకం. వాడి లాప్‌టాప్‌కి శుభ్రంగా వెలిగేవట. నా దానికి పెట్టేసరికి మొదలయ్యాయి వేషాలు.

ఇంట్లో అందరూ వోల్టేజీ మీదకే తోశారు. చీకటి పడితే రొయ్యల చెరువుల మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతాయి కదా, లైను మీద లోడు పెరిగి ఇలా అవుతోందని మా ఆయన తీర్పు. నేనూ నమ్మి స్టెబిలైజర్ కొన్నాను. మానిటర్ మిణుకు ఆగలేదు. ఆ స్టెబిలైజర్ ఇప్పుడు ఫ్రిజ్‌కి ఉపయోగపడుతోంది లెండి.

మీరు ఆ తప్పు చెయ్యకండి. మీ లాప్‌టాప్ చార్జర్ తిప్పి చూస్తే 'ఇన్‌పుట్ 100-240 వోల్టులు' అని ఉంటుంది. ఇంట్లో 230 ఉండాల్సింది 180కి దిగినా ఆ చార్జర్ ఇచ్చేది ఇస్తూనే ఉంటుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంది కానీ లాప్‌టాప్‌కి తేడా తెలియదు. జబ్బు గోడ ప్లగ్గులో కాదు, లాప్‌టాప్‌కీ మానిటర్‌కీ మధ్య నడిచే ఆ 5 వోల్టుల దగ్గర ఉంటుంది.

మొదట తేల్చుకోవాల్సింది, మానిటర్‌కి కరెంటు చాలడం లేదా, బొమ్మ అందడం లేదా అని. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, మందు మాత్రం వేరు. కరెంటు చాలనప్పుడు కంపెనీ లోగో కనబడి, ఆరి, మళ్ళీ లోగో, మళ్ళీ ఆరి, ఇలా తిరుగుతుంటుంది. పక్కనున్న చిన్న లైటు కూడా ఆరి వెలుగుతుంది. విండోస్ ఆ వస్తువు తగిలినప్పుడూ ఊడినప్పుడూ చేసే చప్పుడు పదే పదే వినిపిస్తుంది. ఒక్కోసారి మూలన 'పవర్ సర్జ్ ఆన్ ద యూఎస్‌బీ పోర్ట్' అని సందేశం వస్తుంది. సర్జ్ అన్నాడని పిడుగు పడిందనుకోకండి, ఆ పోర్టు మోయగలిగిన దానికంటే ఎక్కువ లాగుతున్నారని దాని భావం. అదే బొమ్మ అందకపోతే మానిటర్ నింపాదిగా వెలుగుతూ 'నో సిగ్నల్' అని చూపించి, కాసేపటికి నిద్రపోతుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మానిటర్ బటన్లతో మెనూలోకి వెళ్ళి బ్రైట్‌నెస్ 20కి దించండి. మిణుకు ఆగిపోతే కరెంటు సమస్యే. ఎందుకంటే మామూలు ఎల్‌సీడీ మానిటర్లో ఎక్కువ తినేది వెనకాల వెలిగే లైటే. తెర మీద తెల్లటి ఎక్సెల్ షీటున్నా నల్లటి బొమ్మ ఉన్నా ఆ తిండిలో పెద్ద తేడా ఉండదు. బ్రైట్‌నెస్ ఒక్కో మెట్టే పెంచుతూ పోతే ఏదో ఒక చోట ఆరిపోతుంది. నా మూడోది 60 దాటగానే ఆరేది.

ఇక లెక్క. రోజూ చేసే పనే కదా, ఒక పాత లెడ్జర్ తీసి ఎడమ పక్క వచ్చేది, కుడి పక్క పోయేది రాశాను.

వచ్చేది: పాత యూఎస్‌బీ 2 పోర్టు నిబంధన ప్రకారం ఇవ్వాల్సింది 5 వోల్టుల మీద 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. తరచుగా లోపల నీలం రంగులో ఉండే యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు, 4.5 వాట్లు. టైప్-సి పోర్టు మీద 1.5 ఆంపియర్లు ఇస్తే 7.5 వాట్లు, 3 ఆంపియర్లు ఇస్తే 15 వాట్లు. ఏది ఎంత ఇస్తుందో లాప్‌టాప్‌ని బట్టి ఉంటుంది.

పోయేది: మానిటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. నా పాతది 8 వాట్లు. పోర్టబుల్ వాటి మీద '5 వోల్టులు, 2 ఆంపియర్లు' అని ఉంది, అంటే గరిష్ఠంగా 10 వాట్లు ఒక్కోటి.

రాసి చూస్తే నవ్వొచ్చింది. 8 వాట్లు తినే మానిటర్‌ని 4.5 వాట్ల పోర్టుకి, అదీ ఒక హబ్ గుండా తగిలించి, అదే హబ్‌కి మౌసు, ప్రింటరు, డీఎస్‌సీ టోకెన్ కూడా తగిలించాను. సొంత అడాప్టర్ లేని హబ్‌కి నాలుగు తలలున్నా తిండి ఒక్క నోటితోనే. నాలుగింటికీ కలిపి పై నుంచి వచ్చేది ఆ ఒక్క పోర్టు కరెంటే. మరి ఇన్నాళ్ళూ ఎలా వెలిగిందంటారా, చాలా లాప్‌టాప్‌లు నిబంధన కంటే ఉదారంగానే ఇస్తాయి. మా తమ్ముడిది మరీ ఉదారం అయ్యుంటుంది. నాది అంచు మీద నెట్టుకొస్తోంది, ఆ రాత్రి టోకెన్ వచ్చి ఆ అంచు దాటించింది.

ఈ పాత రకం మానిటర్లతో ఒక తోక వైరు వచ్చేది, ఒక చివర మానిటర్‌కి, రెండో చివర రెండు యూఎస్‌బీ పిన్నులు. ఒకటి బొమ్మకీ కరెంటుకీ, రెండోది ఉత్త కరెంటుకి. రెండు నీలం పోర్టులకి పెడితే 9 వాట్లు, 8కి సరిపోతుంది. తమ్ముణ్ణి అడిగితే "అది ఎక్కడో పోయిందక్కా, మామూలు వైరే పెట్టుకున్నా" అన్నాడు. అదన్నమాట సంగతి.

ఇప్పుడు వైర్ల దగ్గరికి వద్దాం. నన్నడిగితే సగం రోగాలు ఇక్కడే.

కాలువ చివర పొలం ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు నిండుగానే వదులుతారు. కాలువ సన్నంగా, పొడుగ్గా, పూడికతో ఉంటే శివారు ఆయకట్టుకి వచ్చేసరికి బురదే మిగులుతుంది. దాళ్వాలో, అంటే రబీ వరికి, వంతులు పెట్టినా శివారు రైతు గోల శివారు రైతుదే. యూఎస్‌బీ వైరూ అంతే. పోర్టు దగ్గర 5 వోల్టులు ఉన్నా సన్నటి రాగి తీగలో రెండు మీటర్లు నడిచేసరికి మానిటర్ దగ్గర అంత ఉండదు.

అంకెల్లో చూడండి. వైరు తొడుగు మీద సన్నటి అక్షరాలతో '28ఏడబ్ల్యూజీ' లాంటిది అచ్చు వేసి ఉంటుంది. అది గేజ్. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 గేజ్ రాగి తీగకి మీటరుకి సుమారు 0.21 ఓం నిరోధం. రెండు మీటర్ల వైరంటే కరెంటు పోవడానికి రెండు, తిరిగి రావడానికి రెండు, మొత్తం నాలుగు మీటర్లు, సుమారు 0.85 ఓం. ఒక్క ఆంపియర్ లాగినా 0.85 వోల్టు దారిలోనే పోతుంది. 5 కాస్తా 4.15 అవుతుంది. అదే మీటరు పొడవు, 24 గేజ్ వైరైతే పోయేది 0.17 వోల్టే, చివరకి 4.83 మిగులుతుంది. వైరు మీద రెండు గేజులు కలిపి ఉంటే, ఉదాహరణకి 28, దాని పక్కన 24, మొదటిది డేటాకి, రెండోది సాధారణంగా కరెంటుకి. మీరు చూడాల్సింది ఆ రెండోదాన్ని.

నేను వాడిన వైరు టేబుల్ వెనక నుంచి చుట్టూ తిప్పి తేవాలని బజార్లో కొన్న రెండు మీటర్లది. తొడుగు మీద ఏ అంకే లేదు. యూఎస్‌బీ టెస్టర్ అని వేలెడంత పరికరం దొరుకుతుంది, మధ్యలో గుచ్చితే వోల్టులూ ఆంపియర్లూ చూపిస్తుంది. అది తెప్పించి వైరు చివర, మానిటర్ పక్కన పెట్టి చూశాను. మానిటర్ ఆపి ఉంటే 5.1. బ్రైట్‌నెస్ 30 మీద 4.6. 60కి పెంచుతుంటే 4.3, 4.2, టప్. కళ్ళ ముందు అంకె దిగుతూ తెర ఆరిపోతుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఇన్నాళ్ళకి దొంగ దొరికాడు. ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే, మానిటర్ పూర్తి వెలుగులో ఉండగా వైరు చివర 4.7 కంటే తక్కువ చూపిస్తే ఆ వైరు మొబైల్ చార్జింగుకి పంపించేస్తాను.

టైప్-సి వైర్లతో ఇంకో చిక్కుంది. మొబైల్‌తో వచ్చే టైప్-సి వైర్లు చాలా వరకు చార్జింగుకీ, నెమ్మది డేటాకీ మాత్రమే. లోపల బొమ్మ మోసే తీగలే ఉండవు. మానిటర్ వెలుగుతుంది, 'నో సిగ్నల్' అంటుంది, మనం మానిటర్ పాడైందనుకుంటాం. మానిటర్ పెట్టెలో వచ్చిన వైరే వాడండి, దానికి రంగు టేపు చుట్టి ఇంట్లో పిల్లలకి దొరక్కుండా దాచండి. మా అబ్బాయి ఫోన్ చార్జింగుకి అది పట్టుకెళ్ళి దాని స్థానంలో వాడిది పెట్టిపోవడంతో ఒక పూట పోయింది నాకు. లాప్‌టాప్‌లో టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందనీ లేదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే ధైర్యం. లేకపోతే ఆ మోడల్ వివరాల్లో చూసుకోవాలి.

హెచ్‌డీఎంఐ వైరు బొమ్మ తెస్తుంది కానీ తిండి పెట్టదు. అందులోనూ 5 వోల్టులు ఉంటాయి, కానీ హామీ 55 మిల్లీ ఆంపియర్లకే, పావు వాటు చిల్లర. కాబట్టి హెచ్‌డీఎంఐ మీద నడిపే పోర్టబుల్ మానిటర్‌కి కరెంటు వేరే ఇవ్వాల్సిందే.

ఎలా ఇవ్వాలి? ఈ పోర్టబుల్ మానిటర్లకి చాలా వాటికి రెండు టైప్-సి పోర్టులుంటాయి. ఒకటి బొమ్మకి, ఒకటి కరెంటుకి. కరెంటు పోర్టుకి మామూలు 18 లేదా 20 వాట్ల ఫోన్ చార్జర్ పెడితే లాప్‌టాప్ మీద భారం పోతుంది. ఉన్న మందుల్లో ఇదే చవక, ఇదే బాగా పనిచేస్తుంది. కొన్ని మానిటర్లు పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ అయితేనే పూర్తి వెలుగు ఇస్తాయి, స్టిక్కర్ చూసుకోండి. ఇలా పెట్టాక విండోస్ 'స్లో చార్జర్' అని హెచ్చరిస్తే కంగారు పడకండి. మానిటర్ తన దగ్గర మిగిలింది టైప్-సి వైరు గుండా లాప్‌టాప్‌కి వెనక్కి పంపుతోంది, అది దానికి చాలడం లేదు. లాప్‌టాప్ సొంత చార్జర్ కూడా పెట్టేస్తే సరి.

పాత మానిటర్‌కి మాత్రం సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొన్నాను. కొనేటప్పుడు ఎన్ని పోర్టులున్నాయని కాదు, అడాప్టర్ మీద ఏం రాసుందో చూడండి. నాది 12 వోల్టులు, 3 ఆంపియర్లు, అంటే 36 వాట్లు. అడాప్టరే లేని హబ్ మీద మానిటర్ పెట్టకండి. డీఎస్‌సీ టోకెన్‌ని హబ్‌లోంచి తీసి నేరుగా లాప్‌టాప్ రెండో పోర్టులో పెట్టాను. దానికి ఒంటరిగా ఉండటమే మేలు.

లాప్‌టాప్ కూడా టైప్-సి హబ్ గుండానే చార్జ్ అయ్యేవాళ్ళకి ఒక మాట. 65 వాట్ల చార్జర్ హబ్‌కి పెడితే మొత్తం లాప్‌టాప్‌కి చేరదు. హబ్ తన కోసం, తనకి తగిలించిన వాటి కోసం పదో పదిహేనో వాట్లు పట్టి ఉంచుకుంటుంది. లాప్‌టాప్‌కి 50 మిగిలితే, పైనుంచి అది మానిటర్‌ని కూడా పోషిస్తుంటే, చార్జర్ తగిలించి ఉండగానే బ్యాటరీ గంటకి కొంచెం కొంచెం తరుగుతుంది. మేత డీలరు గారబ్బాయి ఇదే బాధతో బ్యాటరీ మార్పించాడు. ఆ తర్వాత కూడా తరుగుతూనే ఉంటే నా దగ్గరికి తెచ్చాడు. హబ్‌కి 100 వాట్ల చార్జర్, అంత మోయగల 5 ఆంపియర్ల వైరు పెట్టించాం, తగ్గిపోయింది. వైరు సంగతి మర్చిపోతే లాభం లేదు, మామూలు టైప్-సి వైరు మీద 60 వాట్లకి మించి వెళ్ళదు.

విండోస్ సంగతి క్లుప్తంగా. కాసేపు వదిలేసి వచ్చేసరికి మానిటర్ లేవకపోతే అది కరెంటు కొరత కాదు, పొదుపు. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్'ని డిసేబుల్ చెయ్యండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్, అక్కడ కంప్యూటర్ ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అని ఉన్న టిక్కు తీసేయండి. పాత రకం మానిటర్లలో చాలా వాటికి డిస్‌ప్లేలింక్ డ్రైవర్ కావాలి, అది లేకపోతే ఎన్ని వాట్లిచ్చినా నల్ల తెరే.

ఇక మన ఊళ్ళ ఇబ్బందులు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో లాప్‌టాప్ బ్యాటరీ మీద నిలబడుతుంది, చార్జర్ల మీదున్న మానిటర్లు మాత్రం ఆరి వెలుగుతాయి. ఈలోపు కిటికీలన్నీ లాప్‌టాప్ తెర మీద కుప్పగా పడతాయి. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ ఉంటే దానికి మార్చండి, మార్పిడి త్వరగా అవుతుంది. విండోస్ 11 అయితే డిస్‌ప్లే సెట్టింగుల్లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, మానిటర్లను బట్టి కిటికీల స్థానాలు గుర్తుపెట్టుకోమనే టిక్కు ఉంటుంది, అదీ పెట్టండి. మానిటర్ చార్జర్లు, హబ్ అడాప్టర్ అన్నీ ఇన్వర్టర్ లైనులో ఉన్న ఒకే బోర్డుకి తగిలించండి. నేను మొదట ఒకటి మామూలు లైనులో, రెండు ఇన్వర్టర్ లైనులో పెట్టి, కరెంటు పోయినప్పుడల్లా ఒక్క మానిటరే ఎందుకు చస్తోందని బుర్ర గోక్కున్నాను.

ఉప్పుగాలి తక్కువది కాదండి. సముద్రం దగ్గరున్న నరసాపురం మాకు కూతవేటు. వానాకాలంలో పోర్టుల లోపల ఆకుపచ్చటి చిలుము పడుతుంది, పిన్ను వదులై కొంచెం కదిలితే చాలు మానిటర్ ఊడుతుంది. అన్నీ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఆరాక పెట్టండి. టైప్-సి రంధ్రంలో దూది పింజలు అట్టకట్టి ఉంటే చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తియ్యండి, గుండుసూది మాత్రం పెట్టకండి.

లాప్‌టాప్ ఇనుప ఒంటి మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుందా? రెండు పిన్నుల ప్లగ్గు, లేదా ఎర్తింగ్ లేకపోవడం. మా పెరట్లో ఎర్తింగ్ పైపు ఎప్పుడో తుప్పు తినేసి ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి గుంట తవ్వించి, కొత్త పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వేయించాం. జివ్వుమనడం ఆ రోజుతో పోయింది. ఈ పని సొంతంగా చెయ్యకండి.

మా అత్తగారికి ఇంకో బెంగ ఉండేది, మూడు టీవీలు వేసి కూర్చుంటే కరెంటు బిల్లు ఏమైపోవాలని. మూడింటికీ కలిపి 28 వాట్లు, ఆవిడ నెత్తి మీద తిరిగే పాత ఫ్యాను ఒక్కటే 75 వాట్లు అని లెడ్జర్లో చూపించాను. పది గంటలు వేసినా పావు యూనిట్ చిల్లర. ఆవిడ లెక్క అంతా విని, "అయితే ఆ ఫ్యాను మార్పించు" అన్నారు.